వైట్ హార్స్ హిల్, వేలాండ్స్ స్మిథీ: ఒక్క రోజులో చూసి రావడం ఎలా?

ఇంగ్లండ్‌లో ఎండ కాస్తే చాలు, మనవాళ్ల నుంచి ఇదే ప్రశ్న. "స్టోన్‌హెంజ్ చూసేశాం, టికెట్ కొనుక్కుని తాడు ఇవతల నిలబడి ఫొటోలు దిగొచ్చాం. ఇంకేం ఉన్నాయి? ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, కొండ ఎక్కినట్టూ ఉండాలి, పాతకాలంది ఏదైనా చూసినట్టూ ఉండాలి, మోకాళ్లు మాత్రం పట్టేయకూడదు." విడివిడిగా జవాబులు రాసే బదులు ఒకేచోట రాసేస్తున్నాను. లండన్, రెడింగ్, స్విండన్, ఆక్స్‌ఫర్డ్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి నేను మొదట చెప్పేది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వైట్ హార్స్ హిల్. ఎత్తు 261 మీటర్లే. తిరుమల మెట్లెక్కినవాళ్లకి ఇది ఓ లెక్క కాదు. ఆ కొండ మీదే వాలులో సుద్దతో తీర్చిన 3000 ఏళ్ల నాటి గుర్రం బొమ్మ, ఇనుప యుగం నాటి మట్టికోట, అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు నడిస్తే ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతదైన రాతి సమాధి. ఇవన్నీ చూడ్డానికి టికెట్ లేదు, పార్కింగ్ డబ్బులు కడితే చాలు.

ఒక్క విషయం ముందే చెప్పాలి. ఇక్కడ గోపురాలు, శిల్పాలు ఉండవు. ఏం చూస్తున్నారో తెలియకుండా వెళ్తే కనిపించేదంతా గడ్డి, దిబ్బలు, గొర్రెలు. "ఇంత దూరం వచ్చింది దీనికా?" అని మొహం వేలాడేసుకుని తిరిగొచ్చేవాళ్లంతా మ్యాప్ చూడకుండా వెళ్లినవాళ్లే. అందుకే కింద నడక కంటే మ్యాప్ గురించే ఎక్కువ రాశాను.

కావలసినవి

- బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే (ఓఎస్) వాళ్ల ఎక్స్‌ప్లోరర్ 170 మ్యాప్. నారింజ రంగు అట్ట, 1:25,000 స్కేల్. కాగితం మ్యాప్ కొంటే ఫోన్లో దింపుకునే కోడ్ కూడా లోపలే ఉంటుంది. కొనడం ఇష్టం లేకపోతే ఓఎస్ మ్యాప్స్ యాప్ ఉంది కానీ, అందులో ఉచితంగా వచ్చే మ్యాప్‌లో అంత వివరం ఉండదు, అసలు మ్యాప్‌కి చందా కట్టాలి.
- పట్టున్న అరికాలుతో బూట్లు. ఇక్కడి నేల సుద్ద నేల, తడిస్తే సబ్బు రాసినట్టు జారుతుంది. తెల్ల స్నీకర్లు వద్దు, చెప్పులు అసలే వద్దు.
- గాలి చొరబడని జాకెట్, ఆగస్టులో అయినా సరే. పైన చెట్టూ చేమా లేని గడ్డి బయలు, గాలి నేరుగా తగులుతుంది.
- నీళ్లు, తిండి. పైన హోటల్ లేదు. పులిహోర కట్టుకెళ్లండి, చల్లారినా బాగుంటుంది. పెరుగన్నం కూడా అంతే.
- నిండా ఛార్జింగ్ ఉన్న ఫోన్, పవర్ బ్యాంక్, చిన్న టార్చ్.
- పిడుదులు (టిక్స్) తీసే చిన్న ప్లాస్టిక్ కొక్కెం. మందుల షాపుల్లో టిక్ రిమూవర్ అంటే ఇస్తారు. ఎందుకో చివర్లో చెప్తాను.

టాయిలెట్ దొరుకుతుందని కొండని నమ్ముకోకండి. వచ్చే దారిలో సర్వీస్ స్టేషన్‌లోనో ఊళ్లోనో చూసుకుని రండి. పెద్దవాళ్లు తోడుంటే ఈ పని అస్సలు మర్చిపోవద్దు.

1. ముందు రోజు రాత్రి మ్యాప్ చదవండి

పావుగంట చాలు. మ్యాప్ పరిచి ఈ నాలుగూ వెతకండి.

మొదటిది, ముద్దగా వంకర్లు తిరిగిన పాతకాలపు అచ్చు అక్షరాలతో రాసిన పేర్లు. రోమన్లవి తప్ప మిగతా ప్రాచీన స్థలాలన్నిటినీ ఓఎస్ మ్యాప్‌లో ఆ అక్షరాల్లోనే వేస్తారు. వైట్ హార్స్ (గుర్రం), అఫింగ్టన్ కాజిల్ (మట్టికోట), వేలాండ్స్ స్మిథీ (రాతి సమాధి) మూడూ అలాగే కనిపిస్తాయి. ఇంగ్లండ్‌లో ఏ మూల మ్యాప్ తెరిచినా ఈ ఒక్క గుర్తుతో మీకు మీరే కొత్త చోట్లు కనిపెట్టుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. "ట్యూములస్", "లాంగ్ బారో" అని ఉంటే సమాధి దిబ్బ. "ఫోర్ట్" అని ఉంటే చాలాసార్లు మట్టిగట్టూ అగడ్తా ఉన్న కోట.

రెండోది, నీలం రంగులో విసనకర్రలా విచ్చుకున్న గీతలు. అది వ్యూపాయింట్ గుర్తు. గీతలు ఎటువైపు విచ్చుకుంటే దృశ్యం అటువైపు.

మూడోది, ఆకుపచ్చ చుక్కల, గీతల దారులు. అవి ప్రజలకి నడిచే హక్కున్న దారులు, పొలం ఎవరిదైనా సరే. నల్ల గీతలతో ఉన్న బాటలన్నీ అలా కావు, వాటిల్లో కొన్ని రైతు సొంత బాటలు. గూగుల్ మ్యాప్స్‌లో ఈ తేడా సరిగ్గా తెలియదు, దాన్ని నమ్ముకుని వెళ్తే ఎవరి దొడ్లోనో తేలతారు.

నాలుగోది, గోధుమ రంగు ఎత్తు గీతలు. ఈ మ్యాప్‌లో గీతకీ గీతకీ 5 మీటర్ల ఎత్తు తేడా. గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటే నిటారు వాలు. అమ్మానాన్నలతో వెళ్లేటప్పుడు గీతలు దూరంగా ఉన్న వైపు నుంచి ఎక్కించండి.

మ్యాప్ మీద చోటుని చెప్పే గ్రిడ్ నంబర్లు రాసి పెట్టుకోండి: గుర్రం ఎస్‌యూ 301 866, వేలాండ్స్ స్మిథీ ఎస్‌యూ 281 854. పోస్ట్‌కోడ్ కొట్టి వెళ్తే పల్లెటూళ్లలో అది ఎక్కడో ఇంటి ముందు ఆపుతుంది.

2. టైం లెక్క కట్టండి

1892లో నైస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రమే ఇప్పటికీ అందరూ వాడతారు. 5 కిలోమీటర్ల నడకకి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. మన దారి పోనూ రానూ కలిపి 6, 7 కిలోమీటర్లు, ఎక్కుడు తక్కువే, కాబట్టి సూత్రం ప్రకారం గంటన్నర చాలు. కానీ ఆ సూత్రం ఎక్కడా ఆగకుండా నడిచే గట్టి మనిషి కోసం. పిల్లలు, పెద్దలు, ఫొటోలు, పులిహోర అన్నీ కలిస్తే మూడు, మూడున్నర గంటలు పెట్టుకోండి.

ఆ గంటల్ని సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్కేయండి. జూన్‌లో రాత్రి 9 దాటినా వెలుగు ఉంటుంది, టెన్షన్ లేదు. డిసెంబరులో సాయంత్రం 4 గంటలకే పొద్దు గూకుతుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కదా, శనివారం 5 గంటలకి ఉన్న వెలుగు మర్నాడు 5కి ఉండదు. ఆ వారం వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

3. చేరుకోవడం

కారుంటే బీ4507 రోడ్డు మీంచి నేషనల్ ట్రస్ట్ కార్ పార్క్‌కి వెళ్లండి. ట్రస్ట్ సభ్యులకి పార్కింగ్ ఉచితం, మిగతావాళ్లు డబ్బు కట్టాలి. పైన సిగ్నల్ ఉన్నా లేకపోయినా ఇబ్బంది లేకుండా కాసిని చిల్లర నాణేలు, కార్డు రెండూ ఉంచుకోండి. బ్లూ బ్యాడ్జ్ (వికలాంగుల పార్కింగ్ కార్డు) ఉన్నవాళ్లకి గుర్రానికి ఇంకా దగ్గరగా వేరే పార్కింగ్ ఉంది.

కారు లేకపోతే నిజం చెప్పాలంటే ఇది కొంచెం తలనొప్పి. లండన్ పాడింగ్టన్ నుంచి స్విండన్‌కి రైల్లో సుమారు గంట, అక్కడి నుంచి ట్యాక్సీ. తిరుగు ట్యాక్సీ కూడా ముందే మాట్లాడుకోండి, కొండ కింద రోడ్డు మీద చెయ్యెత్తితే ఆగే బండి ఉండదు. ఆ ఖర్చు ఎందుకనుకునేవాళ్లు ఏవ్‌బరీకి వెళ్లండి, దాని గురించి కింద రాశాను.

4. ఎక్కేముందే గుర్రాన్ని దూరం నుంచి చూడండి

ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే. గుర్రం పొడవు సుమారు 110 మీటర్లు. దాని పక్కనే నిలబడితే గుర్రం కనిపించదు, గడ్డిలో తెల్లటి పట్టీలు కనిపిస్తాయి, అంతే. పైకెక్కి "గుర్రం ఎక్కడ?" అని వెతుక్కునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మొత్తం ఆకారం ఆకాశం నుంచే బాగా తెలుస్తుంది, ఆ తర్వాత ఉత్తరాన లోయలో ఉన్న గ్రేట్ కాక్స్‌వెల్, లాంగ్‌కాట్, ఫెర్నమ్ ఊళ్ల వైపు నుంచి. కారులో వస్తుంటే అటుగా వచ్చి, బండి సురక్షితంగా ఆపుకునే చోటు చూసుకుని ఒకసారి చూడండి. సన్నటి ఒళ్లు, విడివిడిగా ఉన్న కాళ్లు, పక్షి ముక్కులాంటి నోరు కనిపిస్తే అదే. ఇంత ఆధునికంగా ఉంది, మొన్నెప్పుడో గీశారేమో అనిపిస్తుంది. 1990లలో అడుగు మట్టిని పరీక్షించి, కంచు యుగం చివరి నాటిదని తేల్చారు.

కొండ మీద సుద్ద ఎలాగూ తెల్లగానే ఉంటుంది, దాని మీద గడ్డి గీకేశారనుకుంటారు చాలామంది. కాదు. లోతుగా కందకాలు తవ్వి, వాటిలో దంచిన సుద్ద నింపారు. వదిలేస్తే కొన్నేళ్లలో గడ్డి కమ్మేస్తుంది, అందుకే ఇప్పటికీ వాలంటీర్లు మోకాళ్ల మీద కూర్చుని సుత్తులతో కొత్త సుద్ద దంచి పరుస్తుంటారు. అంటే దాదాపు మూడు వేల ఏళ్లుగా ఎవరో ఒకరు ఈ పని చేస్తూనే వచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో మాత్రం జర్మన్ విమానాలకి గుర్తుగా పనికొస్తుందని కప్పేశారు.

5. కొండ మీద వరస

కార్ పార్క్ నుంచి గేటు దాటి గడ్డి వాలు మీదుగా గుర్రం దగ్గరికి నడవండి. గేటు మూసి ఉంటే దాటాక మళ్లీ మూసేయండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి, గొర్రెల కాపరి ఎలా పెట్టుకున్నాడో అలాగే.

గుర్రం మీద అడుగు పెట్టకండి. కంటి మీద నిలబడి మూడుసార్లు తిరిగితే కోరిక తీరుతుందని ఒక నమ్మకం ఉంది, మనవాళ్లకి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మీ కోరిక సంగతి ఏమోగానీ సుద్ద మాత్రం అరిగిపోతుంది.

గుర్రం కింద, రోడ్డుకి అవతల, నెత్తి చదునుగా ఉన్న చిన్న గుట్ట డ్రాగన్ హిల్. సెయింట్ జార్జ్ డ్రాగన్‌ని చంపింది ఇక్కడేనని, దాని రక్తం పడిన చోట గడ్డి మొలవదని చెప్తారు. పైన నిజంగానే బోడిగా ఉన్న తెల్లటి మచ్చ కనిపిస్తుంది. ఇక్కడి నుంచి వెనక్కి తిరిగి చూస్తే గుర్రం కొంతైనా తెలుస్తుంది. ఓపిక తక్కువైతే ఇది వదిలేయవచ్చు, ఎందుకంటే దిగినదంతా మళ్లీ ఎక్కాలి.

తర్వాత పైకి, అఫింగ్టన్ కాజిల్‌కి. కాజిల్ అనగానే బురుజులు వెతకకండి. ఒక పెద్ద గడ్డి మైదానం, దాని చుట్టూ మట్టిగట్టు, గట్టు బయట అగడ్త. గట్టు మీద ఒక చుట్టు చుట్టి రండి, అప్పుడే దాని పరిమాణం తెలుస్తుంది. గట్టు తెగి దారి ఇచ్చే చోటు పడమటి వైపు ఉంది, అదే కోట గుమ్మం. కోట దగ్గర్లో నడుమెత్తు కాంక్రీటు స్తంభం కనిపిస్తే అది ట్రిగ్ పిల్లర్, సర్వే కోసం 1936 నుంచి దేశమంతా కట్టినవాటిల్లో ఒకటి. మీరు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోకెల్లా ఎత్తైన చోట ఉన్నారు.

దృశ్యం ఉత్తరం వైపు. ఇంటర్నెట్‌లో పాత ట్రావెల్ రాతలు చూసి డిడ్‌కాట్ పవర్ స్టేషన్ కూలింగ్ టవర్ల కోసం వెతకకండి, 2014లో సగం, 2019లో మిగతావి కూల్చేశారు.

6. రిడ్జ్‌వే మీద వేలాండ్స్ స్మిథీకి

కోటకి దక్షిణంగా వెడల్పాటి సుద్ద బాట పోతుంది, అదే రిడ్జ్‌వే. మొత్తం 139 కిలోమీటర్ల దారి, ఓవర్టన్ హిల్ నుంచి ఐవింగ్‌హో బీకన్ దాకా. మీకు కావలసింది అందులో రెండు కిలోమీటర్లే, పడమరకి. రిడ్జ్‌వే లాంటి పొడుగాటి నడక దారుల్ని నేషనల్ ట్రెయిల్ అంటారు, గుంజల మీద ఓక్ కాయ బొమ్మ ఉంటే దాని మీదే ఉన్నట్టు. మిగతా చోట్ల బాణాల రంగు చూసుకోండి: పసుపు బాణం నడిచేవాళ్లకి మాత్రమే, నీలం బాణం గుర్రాలకీ సైకిళ్లకీ కూడా.

అడ్డంగా బాట తగిలినా తిరగకుండా నేరుగా పోండి. కుడివైపు బీచ్ చెట్ల గుబురు కనిపించేదాకా నడవండి, గుబురు లోపలే స్మిథీ.

సరైన దారిలో ఉన్నారో లేదో ఇలా చూసుకోండి. పొద్దున అయితే ఎండ మీ వీపుకి తగలాలి. అరగంట, నలభై నిమిషాల్లో గుబురు రావాలి. బండ్లు జోరుగా పోయే తార్రోడ్డు, అంటే బీ4000, ఎదురైతే దాటిపోయినట్టే, వెనక్కి తిరగండి.

లోపలికి వెళ్లాక తొందర పడకండి. ముందు వైపు మనిషి కంటే ఎత్తైన సార్సెన్ (గట్టి ఇసుకరాయి) రాళ్లు నాలుగు నిలబడి ఉంటాయి, మొదట ఆరు ఉండేవి. వాటి మధ్య నుంచి వంగి వెళ్తే సిలువ ఆకారంలో చిన్న గది, టార్చ్ ఇక్కడికే. వెనక పొడుగ్గా మట్టిదిబ్బ. దిబ్బ లోపల ఇంకో దిబ్బ ఉంది. క్రీ.పూ. 3590 ప్రాంతంలో కట్టిన చిన్న సమాధిలో 14 మందిని ఉంచారు, తర్వాత వంద, రెండొందల ఏళ్లకి దాన్ని కప్పేస్తూ ఈ పెద్దది కట్టారు. వేలాండ్ పేరు చాలా ఆలస్యంగా వచ్చింది. ఆయన సాక్సన్ కథల్లో కమ్మరి. రాత్రి గుర్రాన్ని కట్టేసి, పక్కన ఒక నాణెం పెట్టి వెళ్తే తెల్లారేసరికి లాడాలు కొట్టి ఉంచేవాడట.

ఆ కథ విని రాళ్ల సందుల్లో నాణేలు దూర్చేవాళ్లు ఎక్కువయ్యారు. మీరు ఆ పని చేయకండి, రాయి పగుళ్లు పెద్దవవుతాయి. ఇంకోటి, మనవాళ్ల కోసమే చెప్తున్నాను: నిలువు రాయి కనిపించింది కదా అని పసుపు రాయడం, అగరుబత్తి వెలిగించడం వద్దు. ఇక్కడివాళ్లు కూడా కొందరు పూలు పెడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ పొగ, మైనం వల్ల రాళ్ల మీది నాచు పాడైపోతుంది. దండం పెట్టుకోండి, ఎవరూ ఏమనరు. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువు రాళ్లు చూసినవాళ్లకి ఇక్కడ నిలబడితే ఆ పోలిక తప్పకుండా తడుతుంది. అవి 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు వాటినీ చూసి రండి.

వచ్చిన దారినే తిరిగి వెళ్లండి. అడ్డదారి వెతికితే పొలాల్లో పడతారు.

కారు లేనివాళ్లకి, వాన రోజుకి: ఏవ్‌బరీ

స్విండన్ నుంచి డివైజెస్ వైపు వెళ్లే బస్సు ఏవ్‌బరీ ఊరి మధ్యలోనే ఆగుతుంది. ఆదివారం బస్సులు పలచగా ఉంటాయి, చివరి బస్సు టైం చూసుకున్నాకే బయల్దేరండి. ప్రపంచంలోకెల్లా పెద్ద రాతి వలయం ఇది, ఎంత పెద్దదంటే లోపల ఊరే ఉంది. స్టోన్‌హెంజ్‌లా తాళ్లు లేవు, రాళ్లని ముట్టుకోవచ్చు. 1930లలో అలెగ్జాండర్ కీలర్ అనే మార్మలేడ్ (నారింజ జామ్) వ్యాపార కుటుంబ వారసుడు, పడిపోయి పూడిపోయిన రాళ్లని తవ్వి మళ్లీ నిలబెట్టించాడు. రాయి దొరకని చోట గుర్తుగా కాంక్రీటు దిమ్మెలు పెట్టించాడు, అవి చూసి పాత రాళ్లనుకుని ఫొటోలు దిగకండి.

అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో సిల్బరీ హిల్, మనుషులు పోసిన దిబ్బ, 30 మీటర్లకి పైనే ఉంటుంది. దాన్ని ఎక్కకూడదు. కంచె దాటి ఎక్కేవాళ్లు కనిపిస్తారు, వాళ్లని చూసి మీరూ ఎక్కొద్దు. దానికి ఎదురుగా రోడ్డు దాటి కాస్త పైకి నడిస్తే వెస్ట్ కెనెట్ లాంగ్ బారో. లోపల నిటారుగా నిలబడొచ్చు. పెద్దవాళ్లకి వేలాండ్స్ స్మిథీ కంటే ఇదే సులువు.

ఉత్తరాన, పడమరన ఉన్నవాళ్లకి

మాంచెస్టర్, షెఫీల్డ్ వాళ్లు మామ్ టోర్ చూడండి. 517 మీటర్లు, పైన ఇనుప యుగపు కోట, ఈడేల్ స్టేషన్లో దిగి నడవొచ్చు, కానీ మెట్లు ఎక్కువ, గాలి ఇంకా ఎక్కువ. బర్మింగ్‌హామ్ వాళ్లకి మాల్వర్న్ కొండలు. లేక్ డిస్ట్రిక్ట్ వెళ్లేవాళ్లు కెజిక్ పక్కన ఉన్న కాజిల్‌రిగ్ రాతి వలయం వదలకండి. చుట్టూ కొండలే, టికెట్ లేదు, రోడ్డు దిగగానే వలయం. బ్రిస్టల్ వాళ్లకి గ్లాస్టన్‌బరీ టోర్ ఉంది. బాగుంటుంది కానీ జనం.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

దూడలున్న ఆవుల మధ్యలోంచి నడవడం. మన ఊళ్లో ఆవుల్లా అనుకుని తట్టడానికి వెళ్లకండి. ఇక్కడివి మంద మంద వదిలేసినవి, దూడకీ తల్లికీ మధ్య పడితే మీదికొస్తాయి. దూరంగా చుట్టు తిరిగి పోండి.

డ్రోన్ తీసుకురావడం. నేషనల్ ట్రస్ట్ స్థలాల్లో అనుమతి లేకుండా ఎగరేయనివ్వరు. మెటల్ డిటెక్టర్ అయితే ఇంకా పెద్ద గొడవ, రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా వాడితే 1979 చట్టం ప్రకారం నేరం.

సిగ్నల్ ఉంటుందనుకోవడం. మ్యాప్ ముందే ఫోన్లోకి దింపుకోండి. ఆపదొస్తే 999. కాల్ వెళ్లనంత బలహీనంగా సిగ్నల్ ఉంటే ఒక్కోసారి మెసేజ్ వెళ్తుంది, కానీ దానికి ముందే నమోదు కావాలి. ఇంట్లో ఉండగానే 'రిజిస్టర్' అనే మాటని ఇంగ్లిష్‌లో టైప్ చేసి 999కి పంపి, వచ్చిన జవాబులో చెప్పినట్టు చేయండి. ఒక్క నిమిషం పని.

ఇంటికొచ్చాక

గడ్డిలో కూర్చున్నవాళ్లందరూ మోకాళ్ల వెనక, చంకల్లో, నడుము దగ్గర, పిల్లలకైతే జుట్టులో, చెవుల వెనక కూడా చూసుకోండి. గసగసమంత నల్లటి చుక్క చర్మానికి అంటుకుని ఉంటే అది టిక్, మన గొర్రెపిడుదు లాంటిది. నూనె రాయకండి, గోటితో నలపకండి. కొక్కెంతో చర్మానికి ఆనించి పట్టుకుని మెల్లగా లాగేసి, ఆ చోటు కడిగేయండి. వాటిలో కొన్నిటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. తర్వాతి వారాల్లో కుట్టిన చోట గుండ్రంగా పెరుగుతూ పోయే మచ్చ వచ్చినా, ఫ్లూ లాంటి జ్వరం వచ్చినా జీపీకి ఫోన్ చేసి టిక్ కుట్టిన సంగతి తప్పకుండా చెప్పండి. మచ్చకి రోజుకో ఫొటో తీసి ఉంచితే డాక్టరుకి పని తేలిక.